మేకను తోలుకెళ్లిన మనిషి

ఓల్డ్ రాజిందర్ నగర్, ఢిల్లీ
నవంబరు 8

చిరంజీవి ఫేబీకి,

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. నా చెవులు నాకంటే ముందే రిటైరయ్యాయని నీకు తెలుసు. ఫోనులో నువ్వొకటి చెబుతావు, నేనొకటి వింటాను, మధ్యలో మీ ఆంటీ కేకలు వేస్తుంది, చివరికి ముగ్గురికీ తలనొప్పి. వాట్సాప్‌లో ఒక వాక్యం కొట్టేసరికి నాకు ఆ వాక్యం మీదే విరక్తి పుడుతుంది. కాబట్టి తపాలా శాఖే దిక్కు.

ఇక్కడ కోచింగ్ సెంటర్ పిల్లల ఇంగ్లీషు పేపరు కోసం నోట్సు రాసిస్తున్నాను. రెండు మాటలు అతుక్కుని ఒకటైన మాటలు ఎలా పుట్టాయన్నది నాకు అప్పజెప్పిన పని. ఒక్కో మాటకు ఐదు లైన్లు చాలంటాడు మా యజమాని. నాలుగు రోజులుగా స్కేప్‌గోట్ దగ్గర ఆగిపోయాను. అందరూ చేసిన తప్పుకు ఒక్కడి మీద నింద వేస్తే వాణ్ని అలా అంటాం కదా. గోట్ అంటే మేక, సరే. స్కేప్ అనేది ఎస్కేప్‌కి పొట్టి రూపం. అంటే తప్పించుకున్న మేక. తప్పించుకున్నదాని మీద నింద పడటమేమిటి? అక్కడే నాకు ముడి పడింది.

దాదాపు ఐదు వందల ఏళ్ల కిందట బైబిలు పాత నిబంధనను ఇంగ్లీషు చేసిన ఒకాయన ఈ మాటను తయారు చేశాడట. అనువాదకుడు, అంటే మా వృత్తివాడే. ఆ మేక కథ నాకు కావాలి. ఇంటర్నెట్‌లో దొరుకుతుందని తెలుసు. కానీ నీకు ఆదివారం బడిలో ఎలా చెప్పారో అలా కావాలి. మీ నాన్న ఉంటే అశోకా రోడ్డులో తెలుగు భోజనానికి తీసుకెళ్లి, పప్పు చల్లారే దాకా చెప్పేవాడు. ఒకే ఆఫీసులో ముప్పై ఏళ్లు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. వాడు పోయాక ఇలాంటివి అడగడానికి నువ్వే మిగిలావు.

ఆశీస్సులతో,
చెన్నకేశవులు


ఘాజియాబాద్
నవంబరు 14

కేశవులు అంకుల్‌కి వందనాలు.

మీ ఉత్తరం హాస్పిటల్ అడ్రసుకు వచ్చింది. చేత్తో రాసిన కవరు చూసి మా వార్డులో అందరూ కోర్టు నోటీసు అనుకున్నారు.

మేక కథ ఇదీ. యూదుల పూర్వీకులు గుడారాల్లో బతికిన రోజుల్లో ఏడాదికొకసారి ప్రాయశ్చిత్త దినం చేసేవారు. రెండు మేకల్ని తెచ్చి చీట్లు వేస్తారు. ఒక చీటీ దేవుడి పేర, రెండోది విడిచిపెట్టే మేక పేర. దేవుడి పేర వచ్చినదాన్ని బలి ఇస్తారు. రెండోది ప్రాణాలతోనే ఉంటుంది. యాజకుడు దాని తల మీద రెండు చేతులూ పెట్టి, జనం చేసిన పాపాలన్నీ పైకి చెబుతాడు. అవన్నీ దాని నెత్తికెక్కినట్టు లెక్క. తర్వాత దాన్ని ఒక మనిషికి అప్పగిస్తే, అతను ఎడారిలోకి తోలుకెళ్లి వదిలేసి వస్తాడు. వచ్చాక బట్టలు ఉతుక్కుని, స్నానం చేసి, అప్పుడే గుడారాల మధ్యకు అడుగుపెట్టాలి.

మా పెర్సిస్ టీచరు దీన్ని ఆదివారం బడిలో నాటకంగా వేయించారు. నన్ను మేకను చేశారు. ఎడారి అంటే చర్చి వెనక సైకిల్ స్టాండు. నన్నక్కడ వదిలేసి అందరూ బిస్కెట్లు తినడానికి వెళ్లిపోయారు. ఎవరూ మళ్లీ రాలేదు. చివరికి నేనే ఏడ్చుకుంటూ వచ్చాను. అప్పటికి బిస్కెట్లు అయిపోయాయి.

మీకు ఇంకో కథ కూడా చెప్పాలి. మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు కదా. ఇక్కడి హిందీ సంఘం వాళ్ల చర్చిలో ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా మాకు ఇస్తారు. ఈ నెల మొదట్లో అక్కడే కోత పండుగ చేసుకున్నాం. కూరగాయలు, పచ్చళ్లు, కేకులు, కోళ్లు కానుకగా తెచ్చి బల్ల మీద పెడతాం, తర్వాత వేలం పాడతాం. పాడుకున్నవాళ్లు వస్తువును ఇంటికి తీసుకెళ్లరు. మళ్లీ బల్ల మీదే పెట్టేస్తారు, దాన్ని మళ్లీ పాడతారు. పోయినేడు ఒక గుమ్మడికాయ మధ్యాహ్నమంతా అమ్ముడవుతూనే ఉంది. అది మా ఆనవాయితీ, మా సరదా.

ఈసారి పీఠం మీద గుడ్డ మారుస్తూ మా ఫ్లోరా అక్క, అక్కడున్న ఇత్తడి కొవ్వొత్తుల స్టాండును తీసి పక్కనున్న కానుకల బల్ల మీద పెట్టింది. తిరిగి పెట్టడం మరిచిపోయింది. అది హిందీ సంఘం వాళ్లది. వాళ్ల పెద్ద దశరథ్ గారి నానమ్మ జ్ఞాపకార్థం చేయించినది. వేలం పాట నడిపే మా టిమోతి ఆ ఊపులో దాన్ని కూడా పైకెత్తి పాడేశాడు. రామచంద్రపురం నుంచి కూతుర్ని చూడటానికి వచ్చిన నోయల్ గారు పాడుకున్నారు. వాళ్ల సంఘంలో పాడుకున్నది ఆశీర్వాదమని ఇంటికి తీసుకెళ్తారట. ఆయన మర్నాడే దానితో రైలెక్కేశారు. ఇప్పుడది గోదావరి జిల్లాలో ఒక చర్చి పీఠం మీద వెలుగుతోంది.

దశరథ్ గారు మండిపడుతున్నారు. ఎవరు చేశారో పేరు చెప్పి, రాతపూర్వకంగా క్షమాపణ ఇవ్వకపోతే చర్చి హాలు ఇచ్చేది లేదంటున్నారు. క్రిస్మస్ నెత్తిమీదికి వచ్చింది. సంఘ కార్యదర్శిని కాబట్టి ఆ ఉత్తరం నేనే రాయాలి. ముసాయిదా ఇందులో పెట్టాను. ఇంగ్లీషు తప్పులుంటే దిద్ది పంపండి.

మీ ఫేబీ


ఓల్డ్ రాజిందర్ నగర్
నవంబరు 19

చిరంజీవి ఫేబీకి,

నీ మేక కథ బ్రహ్మాండం. సైకిల్ స్టాండు భాగం మీ ఆంటీకి చదివి వినిపించాను. పాపం పిల్ల అంది. బిస్కెట్ల సంగతి నీకు ఇప్పటికీ గుర్తుందంటే గాయం లోతుగానే తగిలింది.

ఇప్పుడు నా ముడి విడింది. విను. మూలంలో ఆ రెండో చీటీ మీద ఒక హీబ్రూ మాట ఉందట. అది ఎడారిలో ఉండే ఏదో శక్తి పేరని కొందరు పండితులు అంటారు. ఇంకొందరు దాన్ని రెండు ముక్కలు చేసి వెళ్లిపోయే మేక అని చదివారు. మా ఇంగ్లీషు అనువాదకుడు ఈ రెండో దారిలో నడిచి స్కేప్‌గోట్ అన్నాడు. ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లు ఆ మాటకు మేక అనే అర్థం. నింద మోసే మనిషి అనే అర్థం పందొమ్మిదో శతాబ్దంలో గాని రాలేదు. అంతకు ముందు మనుషుల మీద నిందలు వేయలేదా అంటే, శుభ్రంగా వేశారు. పేరు పెట్టుకోలేదు, అంతే.

మనం పత్రికల్లో దీన్ని బలిపశువు అని రాస్తాం. నేనూ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అలాగే రాశాను. నీ కథ చదివాక అది సరిగా అతకలేదనిపించింది. బలి అయ్యేది మొదటి మేక. దాని మీద ఎవరూ పాపాలు పెట్టలేదు. పాపాలు మోసేదాన్ని చంపరు. ఊరి బయటికి పంపేస్తారు, బతకమంటారు, మళ్లీ రావద్దంటారు. ఏది ఎక్కువ శిక్షో నాకు తెలియదు.

ఇక నీ ముసాయిదా. ఇంగ్లీషు బాగుంది. రెండు చోట్ల ఆర్టికల్స్ దిద్దాను. కానీ లెక్క కుదరలేదు. సిస్టర్ ఫ్లోరా కమిటీకి తెలియకుండా, తన ఇష్టప్రకారం ఆ స్టాండును వేలానికి పెట్టిందని రాశావు. ఈస్టర్ దాకా ఆరాధనకు రావద్దని ఆమెకు చెప్పామని కూడా రాశావు. నీ ఉత్తరంలో మాత్రం ఆమె గుడ్డ మార్చడానికి దాన్ని పక్కన పెట్టింది, అంతే. పైకెత్తిందెవరు? పాడిందెవరు? ఆ హాలులో ఉన్నవాళ్లలో ఒక్కరికైనా ఆ స్టాండు ఎవరిదో తెలియదా? ప్రతి ఆదివారం దాని ఎదురుగానే కూర్చుంటారు కదా?

నేను బయటివాణ్ని. మీ సంఘం మర్యాదలు నాకు తెలియవు. దిద్దమన్నావు కాబట్టి దిద్దాను.

చెన్నకేశవులు


ఘాజియాబాద్
నవంబరు 24

అంకుల్‌కి,

నేను ఇంగ్లీషు దిద్దమన్నాను. మిగతాది అడగలేదు.

మీకు చెప్పడం తేలిక. మీరు గదిలో కూర్చుని మాటల పుట్టుక రాసుకుంటారు. ఇక్కడ అరవై కుటుంబాలున్నాయి. సగం మంది నర్సులు. వారంలో ఒక పూట తెలుగులో పాట పాడుకోవడానికి నోయిడా నుంచి, ఫరీదాబాద్ నుంచి వస్తారు. పిల్లలు క్రిస్మస్ డ్రామా నేర్చుకుంటున్నారు. హాలు పోతే ఏం చేయాలి? మా అధ్యక్షులు తోమాసు గారు అన్నారు, "ఒక్కరు నాలుగు నెలలు ఇంట్లో ఉంటే అందరికీ హాలు దక్కుద్ది కదమ్మా. ఫ్లోరాకేమన్నా ఉరి వేస్తున్నామా?" అని. కమిటీలో ఎవరూ కాదనలేదు. ఫ్లోరా అక్క కూడా ఒప్పుకుంది.

దిద్దిన కాపీ అందింది. థాంక్స్.

ఫేబీ


ఓల్డ్ రాజిందర్ నగర్
నవంబరు 28

చిరంజీవి ఫేబీకి,

నీ కోపం న్యాయమే. మీ ఆంటీ నీ ముసాయిదా మీద నా వ్యాఖ్యలన్నీ విని, "అడిగినదానికి జవాబు చెప్పడం మీ జన్మలో నేర్చుకోరు" అంది. ఈ మాటను నలభై ఏళ్లుగా చాలాసార్లు విన్నాను. చెవులు పనిచేసిన రోజుల్లో ఇంకా స్పష్టంగా విన్నాను.

నోట్సు పూర్తి చేయడానికి ఒక్క సందేహం మిగిలింది. ఇది మాట గురించే, నీ గురించి కాదు. మేకను తోలుకెళ్లడానికి ఒక మనిషిని ఏర్పాటు చేశారు, సరే. దాన్ని వెనక్కి తీసుకురావడానికి ఎవరినైనా ఏర్పాటు చేసినట్టు ఎక్కడైనా ఉందా? ఫ్లోరా గారికి ఆ కబురు ఎవరు చెప్పారో నేను అడగడం లేదు.

నిన్ను గోంగూర పచ్చడి పంపమంది మీ ఆంటీ. తపాలాలో సీసా పగులుతుందని భయం. ఎవరైనా ఇటు వస్తే ఇచ్చి పంపు.

చెన్నకేశవులు


ఘాజియాబాద్
డిసెంబరు 9

కేశవులు అంకుల్‌కి వందనాలు.

వెనక్కి తెచ్చే మనిషి లేడు. పాత నిబంధనలో ఆ భాగమంతా మళ్లీ చదివాను. తోలుకెళ్లేవాడే ఉన్నాడు.

మీరు అడగను అంటూ అడిగిన ప్రశ్నకు జవాబు నేనే. ఫ్లోరా అక్క గదికి కమిటీ నన్నే పంపింది. ఆవిడ మా హాస్పిటల్లోనే ఆయాగా చేస్తుంది, నేను చెబితే నొచ్చుకోదని. ఆవిడ టీ పెట్టింది. నేను చెప్పిందంతా విని ఇలా అంది. "ఆయ్, నేను పెట్టిందే కదమ్మా ఆ బల్ల మీద. సంఘం బాగుంటే చాలు." టీ గ్లాసులు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా అంది. "వారమంతా దీదీ ఇటు రా, దీదీ అటు పో అంటారు. ఆదివారం ఆ రెండు గంటలే కదా నేను ఫ్లోరక్కని. పర్లేదులే. ఈస్టర్ ఎంతలో వస్తది." నేను ఆ రోజు మీకు రాసిన ఉత్తరంలో ఆవిడ ఒప్పుకుందని మాత్రం రాశాను.

ఇంకొకటి కూడా రాయలేదు. వేలంలో టిమోతి స్టాండును పైకెత్తినప్పుడు నేను గుర్తుపట్టాను. నా పక్కన తోమాసు గారు కూడా గుర్తుపట్టారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. పాడుకున్నవాళ్లు ఎలాగూ మళ్లీ బల్ల మీద పెట్టేస్తారు, అప్పుడు తీసి పీఠం మీద పెట్టేద్దాం, ఈలోగా సరదాగా పాట పెరగనీ అనుకున్నాం. గుమ్మడికాయ లాగే తిరిగొస్తుందనుకున్నాం. నోయల్ గారు వేరే ఊరివాడని, వాళ్ల పద్ధతి వేరని మాకు తట్టలేదు. తర్వాత అడిగితే ఇంకా ఎంతోమంది గుర్తుపట్టామన్నారు. అందరూ అదే అనుకున్నారు.

మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసిన ప్రతిసారీ మేకను తోలుకెళ్లిన ఆ మనిషే గుర్తొచ్చాడు. ఒళ్లు కడుక్కుంటే సరిపోతుందా అని.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక దశరథ్ గారి కమిటీకి ఉత్తరం అందించాలి. అంతకు ముందు మా వాళ్లకి చదివి వినిపించమన్నారు. నేను లేచి, ఆ ఉత్తరం ఇవ్వనని చెప్పాను. కొత్తది రాసి తెచ్చాను, అది చదివాను. ఆ స్టాండు మీ సంఘానిదని మాలో చాలామందికి తెలుసు, తెలిసీ ఊరుకున్నాం, నవ్వుకున్నాం, మమ్మల్ని క్షమించండి. అంతే ఉంది అందులో. అంకుల్, అందులో ఆర్టికల్స్ తప్పులుంటే ఉన్నాయి. కింద నా సంతకం పెట్టాను. తోమాసు గారి మొహం ఎర్రబడింది. "అరవై కుటుంబాల్ని రోడ్డు మీద పడేస్తావా?" అన్నారు. నేను ఉత్తరాన్ని బల్ల మీద పరిచి పెట్టాను.

ఇంతలో టిమోతి వచ్చాడు. "పాడింది నేను. నా గొంతు ఢిల్లీ దాకా వినపడింది. ఏదీ పెన్ను?" అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కొందరు రాలేదు, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నిలబడ్డారు. తోమాసు గారు అందరికంటే చివర, ఎవరి వైపూ చూడకుండా సంతకం పెట్టారు.

దశరథ్ గారు అది చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఫేబీ జీ, హమ్‌నే తో ఏక్ నామ్ మాంగా థా" అన్నారు. ఒక్క పేరు అడిగితే ఇంతమంది వస్తే ఎవరి మీద కోప్పడాలో ఆయనకు అర్థం కాలేదు. కానీ మెత్తబడలేదు. నానమ్మ గుర్తు అది, ఆయన బాధ ఆయనది. స్టాండు తిరిగొచ్చే దాకా, కనీసం ఈస్టర్ దాకా, హాలు లేదు. ఇన్నాళ్లూ అడగడానికి మొహం చెల్లలేదు, ఇప్పుడు నోయల్ గారికి ఫోన్ చేశాం. "పీఠం మీద పెట్టి ప్రార్థన కూడా చేసేశామండి" అని చాలా బాధపడ్డారు. సంఘంతో మాట్లాడి తానే తెస్తానన్నారు.

కాబట్టి ఇప్పుడు మాకు చోటు లేదు. మా బిల్డింగు డాబా మీద నీళ్ల ట్యాంకుల మధ్య క్రిస్మస్ చేసుకుంటున్నాం. సగం మంది నా మీద కోపంగా ఉన్నారు. కోపంగా ఉన్నవాళ్లు కూడా షామియానా గురించి ఫోన్లు చేస్తున్నారు.

మీ ఫేబీ


ఓల్డ్ రాజిందర్ నగర్
డిసెంబరు 15

అమ్మా ఫేబీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నాన్న ఉంటే ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని అశోకా రోడ్డంతా తిరిగి, తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ చూపించేవాడు. నేను చదివి కన్నీళ్లు పెట్టుకున్నాను. అది కంటి ఆపరేషన్ వల్ల అని మీ ఆంటీకి చెప్పాను. నమ్మలేదు.

నోట్సులో ఐదు లైన్లు పూర్తి చేశాను. ఆరో లైను కూడా రాస్తే యజమాని కొట్టేశాడు. వెనక్కి తెచ్చే మనిషిని ఎవరూ నియమించలేదన్నదే ఆ లైను. పరీక్షలో రాదు కదా సార్ అన్నాడు.

ఫ్లోరా గారు ఏమన్నారో రాయలేదు.

చెన్నకేశవులు


ఘాజియాబాద్
డిసెంబరు 28

కేశవులు అంకుల్‌కి వందనాలు. క్రిస్మస్ శుభాకాంక్షలు, మీకూ ఆంటీకీ.

క్రిస్మస్ పొద్దున పొగమంచు ఎంతగా పట్టిందంటే, డాబా మీద ఎదుటి ట్యాంకు కనిపించలేదు. ఆరాధన గంట ఆలస్యంగా మొదలుపెట్టాల్సి వచ్చింది. అందరూ శాలువాలు, మంకీ టోపీలు. డ్రామాలో గొర్రెల కాపరులు నిజంగానే చలికి వణికారు. తోమాసు గారు పిల్లలకి టీ పోయిస్తూ తిరిగారు. నాతో మాట్లాడలేదు. నాకూ ఒక గ్లాసు తెచ్చి పక్కన పెట్టి వెళ్లారు.

ఫ్లోరా అక్క రాలేదు. ఉత్తరం మారిందని, ఆవిడ పేరు ఎక్కడా లేదని, ఇక ఆరాధనకు రావచ్చని చెప్పడానికి ముందే వెళ్లాను. సంతోషించలేదు. "నా మూలంగా అందరూ చలిలో పడ్డారు. నేనెక్కడ మొహం చూపిస్తానమ్మా" అంది. వారం రోజులు అదే మాట. క్రిస్మస్ నాడు అందరూ వచ్చారు, కోపగించుకున్నవాళ్లు కూడా వచ్చారు. ఆవిడ కుర్చీ మాత్రం ఖాళీ.

మొదటి పాట మొదలయ్యాక నాకు ఉండబట్టలేదు. ఇది నా పనే అనిపించింది. వదిలిపెట్టి వచ్చింది నేను కాబట్టి. స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని దిగి వెళ్లాను. ఆవిడ గది రెండు వీధులవతల. పొద్దున్నే లేచి కొత్త చీర కట్టుకుని, తల దువ్వుకుని, మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఆరాధన వదిలేసి వచ్చేశావేంటి? కార్యదర్శివి కదా నువ్వు" అని కోప్పడింది. చెయ్యి పట్టుకుని లేవదీశాను. చెప్పులు వేసుకోనిమ్మని అరిచింది. వేసుకుంది. మళ్లీ చెయ్యి పట్టుకున్నాను. ఆ రెండు వీధులూ వదల్లేదు. పాలబూత్ దగ్గర జనం చూశారు కూడా.

మా బిల్డింగు మెట్ల దగ్గరికి వచ్చేసరికి పైనుంచి పాట వినిపించింది. ఆవిడ ఆగింది. పాటలో రెండో చరణం టిమోతి తప్పు పాడుతున్నాడంది. పాడనీ అక్కా అన్నాను.

"అట్టా పాడనిచ్చే కదా స్టాండు పోగొట్టుకున్నారు" అంది. నేనింకా పట్టు వదలకుండా నిలబడి ఉంటే నా చేతి వైపు చూసింది.

"ఇంక వదులమ్మా. మెట్లు నేనెక్కగలను."

వదిలాను. నా కంటే ముందు ఎక్కింది.

గోంగూర సీసా సిద్ధంగా ఉంది. వచ్చే ఆదివారం మీరే వచ్చి తీసుకెళ్లండి. మెట్రో స్టేషన్ దగ్గరికి నేను వస్తాను. పాటలు మీకు వినపడవు, నాకు తెలుసు. ఫ్లోరక్క పక్కన కుర్చీ వేస్తాను. ఆవిడ గొంతు మీకు కూడా వినపడుతుంది.

మీ ఫేబీ